తెలిశాకే 'క్షేమం' అని రాయండి: అమెరికా స్కూల్ డిస్ట్రిక్టుల పెద్దలకు ఒక తల్లి బహిరంగ లేఖ

తెలుగు కుటుంబాలు ఎక్కువగా నివసించే పట్టణాల్లోని స్కూల్ డిస్ట్రిక్టుల సూపరింటెండెంట్లకు, స్కూల్ బోర్డుల సభ్యులకు,

నమస్కారం.

ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయాలకు విడిగా పంపుతున్నాను. ముందుగా తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. ఆపద వేళ మీరు పంపే కబురును మా ఇళ్ళలో మొట్టమొదట అందుకునేది చాలాసార్లు ఉద్యోగాలకు వెళ్ళిన తల్లిదండ్రులు కారు, ఇంట్లో ఉండే అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలు. బస్సు దిగిన పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేది వాళ్ళే. పిల్లల సంరక్షకుల జాబితాలో రెండో ఫోను నంబరు తరచుగా వాళ్ళదే. ఈ లేఖ వాళ్ళు కూడా చదవాలి.

నేను టెక్సాస్‌లో ఉంటున్నాను. నా కూతురు మిడిల్ స్కూల్లో, కొడుకు మూడో తరగతిలో చదువుతున్నారు. కిందటి సంవత్సరం ఒక రోజు ఉదయం పదిన్నర దాటాక మా డిస్ట్రిక్టులో నా కొడుకు చదివే బడికి ఎవరో ఫోను చేసి తుపాకీతో వస్తున్నామని బెదిరించారు. అది బూటకమని తరువాత తేలింది. ఆ డిస్ట్రిక్టు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది ఒక్క డిస్ట్రిక్టు తప్పు కాదు. 10.52కు మాకు వచ్చిన మొదటి సందేశం సారాంశం ఇది: ముందు జాగ్రత్తగా బడిని 'సెక్యూర్' స్థితిలో ఉంచాము, విద్యార్థులు, సిబ్బంది అందరూ క్షేమం, మరింత సమాచారం అందినప్పుడు తెలియజేస్తాము. పద్దెనిమిది నిమిషాల తరువాత అదే బడి 'లాక్‌డౌన్'లో, అంటే పిల్లలు గదుల తలుపులు బిగించుకుని దాక్కునే స్థితిలో, ఉందని ఇంకో సందేశం వచ్చింది. ఆ పైన 12.35 వరకు ఒక్క అక్షరం లేదు.

నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను, ఫోను సంచిలో ఉంది. రికార్డు చేసిన గొంతుతో వచ్చిన ఫోను మా అమ్మ ఎత్తింది. ఆమె గుంటూరు జిల్లాలో మండల పరిషత్ బడిలో 31 ఏళ్ళు పాఠాలు చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన మనిషి. చదువు రాని మనిషి కాదు, ఇంగ్లీషు ధారాళంగా వినే అలవాటు లేని మనిషి. వేగంగా సాగిపోయిన ఆ రికార్డులో ఆమెకు అందినవి రెండే మాటలు: బడి పేరు, పోలీసు. నాకు ఐదుసార్లు ఫోను చేసి, చివరికి చెప్పులు వేసుకుని, ఎండలో రెండు కిలోమీటర్ల దూరం నడిచి బడి దగ్గరికి వెళ్ళింది. రోడ్డు మలుపులోనే పోలీసులు ఆపేశారు. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడట, కానీ ఆయన ఏమన్నాడో ఆమెకు అర్థం కాలేదు. ఫుట్‌పాత్ మీద గంటకు పైగా నిలబడింది. మనవడు బతికే ఉన్నాడని ఆమెకు తెలిసింది 12.40కి, నేను ఫోను చేశాక.

ఆ గంటన్నరలో మీరు వదిలేసిన ఖాళీని మా వాట్సాప్ గ్రూపులు నింపాయి. ముగ్గురు పిల్లలకు తూటాలు తగిలాయని తెలుగులో ఒక ఆడియో తిరిగింది. ఎవరు మాట్లాడారో ఎవరికీ తెలియదు, అయినా అది మా వీధిలో ప్రతి ఫోనులోకీ చేరింది. మీ సందేశం 18 నిమిషాల్లో మాట మార్చింది, ఆ ఆడియో మాత్రం మాట మార్చలేదు. భయంలో ఉన్నవాళ్ళు స్థిరంగా చెప్పేవాళ్ళనే నమ్ముతారు.

అందుకే నా మొదటి విన్నపం 'క్షేమం' అన్న మాట గురించి. ఆ మాటను మీ కార్యాలయాల్లో ముందుగానే రాసి పెట్టుకున్న నమూనా సందేశాల్లోంచి ఈ రోజే తీసివేయండి.

యువాల్డీలో ఏం జరిగిందో మా రాష్ట్రంలో అందరికీ గుర్తుంది. 2022 మే 24న రాబ్ ఎలిమెంటరీ బడిలోకి ఉదయం 11.33కు దుండగుడు ప్రవేశించి కాల్పులు మొదలుపెట్టాడు. 11.43కు ఆ బడి ఫేస్‌బుక్ పేజీలో ఒక ప్రకటన వచ్చింది: ఈ ప్రాంతంలో తుపాకీ కాల్పుల వల్ల బడి లాక్‌డౌన్‌లో ఉంది, విద్యార్థులు, సిబ్బంది భవనంలో క్షేమంగా ఉన్నారు, దయచేసి బడికి రావద్దు. అప్పటికి పది నిమిషాలుగా నాలుగో తరగతి గదుల్లో పిల్లల ప్రాణాలు పోతున్నాయి. పోలీసులు ఆ గదిలోకి వెళ్ళి దుండగుణ్ణి చంపేసరికి 77 నిమిషాలు గడిచాయి. 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు చనిపోయారు. ఆ ప్రకటన రాసిన మనిషి అబద్ధం చెప్పాలని రాసి ఉంటాడని నేను అనుకోను. అలాంటి ప్రకటనల్లో ఎప్పుడూ ఉండే వాక్యం అది, చెయ్యి దానంతట అదే రాసేస్తుంది. నన్ను భయపెట్టేది అదే. తెలిసిన విషయంగా కాక అలవాటుగా రాసిన 'క్షేమం' అన్న మాటకు ఒక తల్లి ఇంట్లోనే ఆగిపోతుంది.

ఆ సాయంత్రం అంతకన్నా ఘోరం జరిగింది. ప్రాణాలతో ఉన్న పిల్లలను తల్లిదండ్రులకు అప్పగించే కేంద్రంలో ఎదురుచూస్తున్న కుటుంబాలతో, బతికిన పిల్లలతో మరో బస్సు వస్తోందని ఒక అధికారి చెప్పారు. అలాంటి బస్సేదీ లేదు. 2024 జనవరిలో అమెరికా న్యాయశాఖ వెలువరించిన నివేదికలో ఈ విషయం ఉంది. ఆ బస్సు కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నవాళ్ళ గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చేదు కబురు చెప్పడానికి నోరు రానప్పుడు మనిషి ఆశ చూపిస్తాడు, అది మానవ సహజం. పదవిలో ఉన్నవారికి ఆ స్వేచ్ఛ లేదు. తెలియనప్పుడు "మాకు ఇంకా తెలియదు, అరగంటలో మళ్ళీ వచ్చి మీతో మాట్లాడతాము" అని చెప్పి, నిజంగా అరగంటకు తిరిగి రావాలి, కొత్త సంగతేమీ లేకపోయినా సరే.

మౌనం కూడా అంతే ప్రమాదకరమని 2007లో వర్జీనియా టెక్ చూపించింది. అది విశ్వవిద్యాలయమైనా పాఠం ఒక్కటే. ఏప్రిల్ 16న ఉదయం 7.15 ప్రాంతంలో హాస్టల్లో ఇద్దరిని కాల్చారు. విద్యార్థులందరికీ మొదటి ఈమెయిల్ వెళ్ళింది 9.26కు. మరి కొద్ది నిమిషాల్లో అదే హంతకుడు తరగతి గదుల్లో మరో 30 మందిని చంపాడు. ఆ రెండు గంటలూ అధికారులు చేతులు కట్టుకుని కూర్చోలేదు, పూర్తి వివరాలు తెలిశాక చెబుదామనుకున్నారు. పూర్తి వివరాల కోసం ఆగడం, తెలియకముందే క్షేమమనడం రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. మీకు ఈ నిమిషంలో ఏది తెలుసో, ఏది తెలియదో, మళ్ళీ ఎన్ని గంటలకు చెబుతారో, మూడు చిన్న వాక్యాల్లో రాయవచ్చు. గడియారం టైము రాయండి. "సమాచారం అందినప్పుడు" అన్న మాట ఫోను పట్టుకుని కూర్చున్నవారికి ఏ ఆసరా ఇవ్వదు, "11.15కు" అన్న మాట ఇస్తుంది.

అతిగా చెప్పడంలో ఉన్న చేటు గురించి కూడా నేను ఆలోచించకపోలేదు. యువాల్డీ గురించి టెక్సాస్ శాసనసభ కమిటీ 2022 జులైలో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ డిస్ట్రిక్టులో ఫిబ్రవరి నుంచి మే వరకు 47 సార్లు బడులను మూసివేసే హెచ్చరికలు వచ్చాయి. అందులో దాదాపు 90 శాతం పోలీసులు తరుముతుంటే కార్లు వదిలి పారిపోయేవాళ్ళ వల్ల వచ్చినవే. దానితో నిజమైన హెచ్చరిక వచ్చిన రోజున దాన్ని కూడా అలాంటిదేనని కొందరు అనుకున్నారు. కాబట్టి నేను ఎక్కువ సందేశాలు అడగడం లేదు. చిన్న హెచ్చరిక చిన్నదిగా, పెద్దది పెద్దదిగా, చదివిన క్షణంలో తేడా తెలిసేలా ఉండాలని అడుగుతున్నాను.

ఇక్కడే భాష సంగతి వస్తుంది. మీలో చాలామంది వాడుతున్న ప్రామాణిక విధానంలో ఐదు మాటలున్నాయి: హోల్డ్, సెక్యూర్, లాక్‌డౌన్, ఎవాక్యుయేట్ (భవనం ఖాళీ చేయడం), షెల్టర్ (తలదాచుకోవడం). 2006లో కొలరాడోలోని ఒక బడిలో కూతురిని పోగొట్టుకున్న తల్లిదండ్రులు నెలకొల్పిన సంస్థ రూపొందించిన విధానం అది. బందీగా ఉన్న ఆ అమ్మాయి ఇంటికి పంపిన ఆఖరి మెసేజీ ఆ సంస్థ పేరైంది. ఆ విధానం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఇంగ్లీషు పుట్టుభాష కాని ఇంట్లో ఆ ఐదు మాటలు ఏమవుతాయో చూడండి. 'సెక్యూర్' అంటే అసలు అర్థం ప్రమాదం బడి బయట ఉంది, తలుపులు బిగించాము, లోపల పాఠాలు నడుస్తున్నాయి అని. మీ యాప్‌లోని యంత్రానువాదం దాన్ని మా అమ్మ ఫోనులో "పాఠశాల సురక్షితంగా ఉంది" అని చూపించింది. ప్రమాదం పొంచి ఉందని చెప్పాల్సిన మాట ప్రమాదం లేదని చెప్పింది. 'హోల్డ్' అంటే తరగతి గదుల్లోనే ఉండమని, నడవాల్లోకి రావద్దని అర్థం, యంత్రం దాన్ని "పట్టుకోండి" అంటుంది. ఇక 'లాక్‌డౌన్' అనగానే మా పెద్దవాళ్ళకు గుర్తొచ్చేది 2020 మార్చి, కరోనా, మూతపడిన అంగళ్ళు. ఆ రోజు మా పక్కింటి తాతయ్య మళ్ళీ ఏదో జబ్బు వచ్చిందని మాస్కు కోసం వెతికారు.

ఇంగ్లీషులోనే ఆ మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయని దాన్ని రూపొందించినవాళ్ళకే తెలుసు. 'సెక్యూర్'ను ఇదివరకు 'లాకౌట్' అనేవారు, 'లాక్‌డౌన్'తో పొరబడుతున్నారని మార్చారు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే ఉపాధ్యాయుల కోసం ఒక మాట మార్చగలిగినప్పుడు, ఐదు మాటలకు ఐదు తెలుగు వాక్యాలు ముందే, తీరిగ్గా, మనుషుల చేత రాయించి పెట్టుకోవడం ఎంత పని? తెలుగుకే కాదు, స్పానిష్‌కు, వియత్నామీస్‌కు, అరబిక్‌కు, మీ బడుల్లో ఏయే ఇళ్ళ పిల్లలున్నారో ఆ భాషలన్నిటికీ. పిల్లలను చేర్పించే రోజున ఇంట్లో ఏ భాష మాట్లాడతారని మీరే మమ్మల్ని అడిగి రాసుకుంటారు. ఆ కాగితం మీ దగ్గరే ఉంది. 2010 నుంచి 2017 వరకు ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని జనాభా లెక్కల గణాంకాలు చెబుతున్నాయి. డాలస్ ఉత్తర శివార్లలో, న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల, అట్లాంటా దగ్గరి కమింగ్‌లో పనిచేసే మీకు ఆ లెక్క చూడనక్కరలేదు, మీ తరగతి గదుల్లోనే కనిపిస్తుంది.

2025 మార్చి 1న ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చిన తరువాత, అనువాదాల బాధ్యత తమకు లేదని కొందరు అధికారులు అనుకోవచ్చు. 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం, 1974 నాటి సమాన విద్యావకాశాల చట్టం ఆ ఉత్తర్వుతో రద్దు కాలేదు. అయినా నేను ఈ విషయాన్ని కోర్టు భాషలో అడగదలచుకోలేదు. బడి మీద నమ్మకంతో పిల్లవాణ్ణి పంపిన ఇంటికి అర్థమయ్యే మాటలో కబురు చేయడం చట్టం కన్నా ముందే ఉన్న బాధ్యత.

మీరు బహుశా ఊహించని మరో చిక్కు ఉంది, పిల్లలను తిరిగి అప్పగించే చోట. గుర్తింపు కార్డులోని పేరు, బడి జాబితాలోని పేరు సరిపోతేనే పిల్లవాణ్ణి ఇస్తారు. ఆ నియమం మా పిల్లల రక్షణకే, దాన్ని సడలించమని అడగను. కానీ తెలుగువాళ్ళ పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. అమ్మమ్మ ఇంటిపేరు వేరు, మనవడి ఇంటిపేరు వేరు. పెద్దవాళ్ళలో కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, అప్పుడు అమెరికా వీసాలో మొత్తం పేరును ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని మూడక్షరాలు ('ఫస్ట్ నేమ్ అన్‌నోన్', అంటే పేరు తెలియదు) పెడతారు. మేము ఫారంలో ఒకలా రాస్తాము, కార్డులో ఇంకోలా ఉంటుంది. ఏడుస్తున్న పిల్లల మధ్య, పొడవాటి వరుసలో, బల్ల అవతల కూర్చున్న ఉద్యోగి ఈ ముడి విప్పలేరు. ఆగస్టులో బడులు తెరిచేటప్పుడే పెద్దవాళ్ళ పాస్‌పోర్టు చూసి, అందులో ఉన్నది ఉన్నట్టు జాబితాలో ఎక్కించుకోండి. అరగంట పని. ఆ అరగంట ఇప్పుడు పెట్టకపోతే ఆపద రోజున ఒక పసివాడు తన అమ్మమ్మను అద్దంలోంచి చూస్తూ గంటల తరబడి కూర్చోవలసి వస్తుంది.

ఆపద గడిచాక మాట్లాడే తీరు గురించి కొంచెమే చెబుతాను, ఎందుకంటే అది మీకు తెలియని సంగతి కాదు. 2021 నవంబరు 30న మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో నలుగురు విద్యార్థులు హత్యకు గురయ్యారు. కాల్చిన విద్యార్థిని అదే ఉదయం కౌన్సెలర్ గదికి పిలిచి, తల్లిదండ్రులను రప్పించి, సంచి వెతకకుండానే తరగతికి తిరిగి పంపారు. రెండు రోజులకు సూపరింటెండెంట్ వీడియోలో ఆ విద్యార్థి మీద క్రమశిక్షణ చర్యకు కారణమేదీ కనిపించలేదని ప్రకటించారు. రాష్ట్ర అటార్నీ జనరల్ స్వతంత్ర విచారణ చేస్తామంటే డిస్ట్రిక్టు ఒప్పుకోలేదు. స్వతంత్ర సంస్థ నివేదిక బయటికి వచ్చేసరికి 2023 అక్టోబరు అయింది. పిల్లలను పోగొట్టుకున్న ఇళ్ళు దాదాపు రెండేళ్ళు ఎదురుచూశాయి. తుపాకీ లేని ఆపదల్లోనూ ఇదే తీరు. 2023లో మినియాపోలిస్ బడుల కంప్యూటర్లలోకి దొంగలు చొరబడితే ఆ డిస్ట్రిక్టు దాన్ని "ఎన్‌క్రిప్షన్ ఈవెంట్" (సమాచారం సంకేతాలుగా మారిన ఘటన) అని పేర్కొంది. కొద్ది వారాల్లో పిల్లల అత్యంత రహస్యమైన వివరాలు ఇంటర్నెట్‌లో పడ్డాయి. దొంగతనాన్ని దొంగతనమని మొదటి రోజే చెప్పి ఉంటే తల్లిదండ్రులు జాగ్రత్తపడడానికి కొంత సమయమైనా దొరికేది.

విద్యార్థుల గోప్యత చట్టం అడ్డొస్తుందని మీ ప్రతినిధులు తరచుగా అంటుంటారు. 1974 నాటి ఆ చట్టంలో ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు ఏర్పడిన అత్యవసర సమయాలకు మినహాయింపు ఉంది. అయినా నేనడిగేది ఏ పిల్లవాడి పేరూ కాదు. బడి తలుపు మూసి ఉందో తెరిచి ఉందో చెప్పడంలో ఎవరి గోప్యతా పోదు.

మీ మీద ఉన్న భారం నాకు తెలుసు. 2015 డిసెంబరు 15న లాస్ ఏంజెలెస్ సూపరింటెండెంట్ ఒక బెదిరింపు ఈమెయిల్ కారణంగా సుమారు 6,40,000 మంది విద్యార్థులున్న మొత్తం డిస్ట్రిక్టును ఒక రోజు మూసేశారు. అలాంటి ఈమెయిలే న్యూయార్క్‌కూ వచ్చింది, వాళ్ళు బూటకమని తేల్చి బడులు నడిపారు. బూటకమే అయింది. లాస్ ఏంజెలెస్ నిర్ణయాన్ని చాలామంది విమర్శించారు. రెండు వారాల కిందటే శాన్ బెర్నార్డినోలో కాల్పుల్లో 14 మంది చనిపోయిన నేపథ్యంలో, నేనైతే ఆయన్ను తప్పుపట్టలేను. ఆయన ముందుకొచ్చి బెదిరింపు వచ్చిందని, మూయమని చెప్పింది తానేనని, పిల్లల ప్రాణాలతో పందెం కాయలేనని ప్రజల ముందు చెప్పారు. నిర్ణయం పొరపాటైనా ఎవరు తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో తెలిస్తే తల్లిదండ్రులు క్షమించగలరు. ఎవరి పేరూ లేకుండా వచ్చే సందేశాన్ని ఏమని క్షమించాలి?

మన తెలుగువాళ్ళలో ఇప్పుడు కొందరు స్కూల్ బోర్డులకు పోటీ చేస్తున్నారు, గెలుస్తున్నారు. వారికి ఒక ప్రత్యేక విన్నపం: ఈ ఐదు వాక్యాల సంగతి ఎజెండాలో పెట్టించండి. తోటి తల్లిదండ్రులకూ ఒక మాట: ఎవరు మాట్లాడారో తెలియని ఆడియోను ఇంకొకరికి పంపకండి. ఆ రోజు దాన్ని ముందుకు పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆ సంఘటన తరువాత మా అమ్మ తన ఉద్యోగ రోజులు గుర్తు చేసుకుంది. వాన వల్ల వాగు పొంగి బడి మధ్యలో వదిలేయవలసి వస్తే ఏ వీధిలో ఏ ఇంటికి ఎవరు వెళ్ళి చెప్పాలో, ఇంట్లో పెద్దవాళ్ళు పొలం వెళ్ళి ఉంటే పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించాలో, జూన్‌లో బడి తెరవగానే ఆమె ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకునేదట. వాగు పొంగాక రాసే తీరిక ఉండదు కదా అంది. ఆ తరువాత కూర్చుని, మీ ఐదు మాటలకు ఐదు తెలుగు సందేశాలు రాసింది. మీ డిస్ట్రిక్టులు వాటిని ఉచితంగా వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు. ఐదూ ఇంగ్లీషు ప్రతితో జతచేశాను. 'సెక్యూర్'కు ఆమె రాసింది ఇది:

"ప్రమాదం బడి బయట ఉంది. బడి తలుపులన్నీ మూశాము. లోపల పాఠాలు నడుస్తున్నాయి. ఎవరికైనా దెబ్బ తగిలినట్టు ఇంతవరకు మాకు సమాచారం లేదు. ఇప్పుడు బడికి రావద్దు, వచ్చినా పిల్లలను పంపలేము. 11 గంటల 15 నిమిషాలకు మళ్ళీ ఫోను చేస్తాము."

ఇట్లు,
ఇద్దరు బడిపిల్లల తల్లి,
టెక్సాస్